వరంగల్‌లో బయట తినడం: హోటల్ పేరు కన్నా టైమ్ ముఖ్యం

"హన్మకొండల మంచి బిర్యానీ ఎక్కడ దొరుకుతది?" అని అడిగితే పది మంది పది పేర్లు చెబుతారు. ఎవరినీ తప్పుపట్టలేం. ఒకే వంటింట్లో నుంచి మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చే ప్లేటుకూ నాలుగున్నరకు వచ్చే ప్లేటుకూ పొంతన ఉండదు. ఒంటిగంటకు తిన్నవాళ్లు మెచ్చుకుంటారు, నాలుగున్నరకు తిన్నవాళ్లు తిట్టుకుంటారు, ఇద్దరూ నిజమే చెబుతారు. నక్కలగుట్ట అయినా, హంటర్ రోడ్ అయినా, కాజీపేట అయినా నా లెక్క ఒక్కటే. ఆ వంట ఎప్పుడు దిగుతుందో తెలుసుకుని ఆ టైమ్‌కు వెళ్లాలి. బోర్డు మీది పేరు ఆ తర్వాతి సంగతి.

పొద్దున టిఫిన్ల నుంచే మొదలుపెడదాం. మన దగ్గర టిఫిన్ సెంటర్ బాగోగులు ఇడ్లీలో కన్నా చట్నీలో ముందు తెలుస్తాయి. ఏడు గంటలకు గట్టిగా, పల్లీల కమ్మదనంతో ఉన్న చట్నీ తొమ్మిదిన్నరకు గరిటె నుంచి నీళ్లలా జారుతుంది. జనం పెరిగేకొద్దీ మళ్లీ రుబ్బే తీరిక ఉండదు కాబట్టి నీళ్లు కలిపి, ఉప్పు సరిచేసి, ఇంకోసారి పోపు వేస్తారు. పోపు వాసన గుప్పుమంటూ చట్నీ మాత్రం పలచగా ఉంటే అదే జరిగిందని అర్థం. అల్లం చట్నీ అంత త్వరగా పాడవదు. చింతపండు, బెల్లం దాన్ని కాపాడతాయి. అందుకే ఆలస్యంగా వెళ్తే అల్లం చట్నీ ఉన్న చోటికే వెళ్లడం మేలు.

మైసూర్ బజ్జీ విషయంలో నేను గట్టిగానే మాట్లాడతాను. ఒక కప్పు మైదాకు ముప్పావు కప్పు పుల్లటి పెరుగు, చిటికెడు సోడా, ఉప్పు, జీలకర్ర వేసి చేత్తో బాగా గిలక్కొట్టి, రెండు మూడు గంటలు నాననిస్తే లోపల గూళ్లు గూళ్లుగా విచ్చుకుంటుంది. నాననివ్వకుండా సోడా ఎక్కువ వేసి సరిపెట్టే చోట బజ్జీ పైకి ఉబ్బుతుంది కానీ తిన్నాక నాలుక మీద చేదు మిగులుతుంది. నూనె మరీ కాగితే పైన ఎర్రబడి లోపల పిండి పచ్చిగా ఉంటుంది. కాగకపోతే నూనె పీల్చేస్తుంది. బజ్జీని రెండుగా విరిచి చూడండి. మధ్యలో తడిగా మెరిసే ముద్ద ఉంటే పక్కన పెట్టేయొచ్చు. మూకుడు వైపు కూడా ఒకసారి చూడాలి. పిండి వేసినప్పుడు వచ్చే నురగ బజ్జీ తీయగానే అణగిపోతే నూనె ఇంకా బాగున్నట్టే. తీశాక కూడా నురగ అలాగే ఉండి, నూనె నల్లగా చిక్కబడి ఉంటే అది నిన్నటిదో మొన్నటిదో. మళ్లీ మళ్లీ కాచిన నూనెలో, పాడయ్యేకొద్దీ పెరిగే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదని 2018 నుంచి దేశమంతటా నిబంధన ఉంది. రోడ్డు పక్క బండి దగ్గర దాన్ని కొలిచే పరికరం ఎలాగూ ఉండదు. అక్కడ మన కన్నూ ముక్కే దిక్కు.

ఇడ్లీ గురించి ఒక్క మాట. తెల్లగా కాకుండా లేత పసుపు రంగు తేలితే సోడా ఎక్కువైనట్టు. ఆసుపత్రుల చుట్టుపక్కల, రైల్వే స్టేషన్ల దగ్గర చిన్న టిఫిన్ సెంటర్లు చాలాసార్లు పెద్ద ఏసీ హోటళ్ల కన్నా నయం. పేషెంట్ల వెంట వచ్చినవాళ్లు, డ్యూటీ దిగినవాళ్లు తెల్లవారుజాము నుంచి వస్తూనే ఉంటారు. అక్కడ ఇడ్లీ పాత్ర ఖాళీగా ఉండదు, వాయి మీద వాయి దిగుతూనే ఉంటుంది.

ఇక బిర్యానీ. మనవాళ్లు ఎక్కువ డబ్బు పెట్టేదీ, ఎక్కువ నిరాశపడేదీ ఇక్కడే.

పచ్చి మాంసానికి పెరుగు, అల్లం ఎల్లిగడ్డ, వేయించిన ఉల్లిగడ్డ, మసాలాలు పట్టించి అడుగున పరిచి, ముప్పావు వంతు ఉడికిన బియ్యం పైన వేసి, మూత చుట్టూ పిండి అద్ది దమ్ పెడితే అది కచ్చి బిర్యానీ. కోడికి ముప్పై నలభై నిమిషాలు, మటన్‌కు ముప్పావు గంట నుంచి గంట. దమ్ దించాక పదిహేను నిమిషాలు కదపకుండా ఉంచాలి. ఆ కాసేపట్లోనే ఆవిరి అణిగి మెతుకు గట్టిపడుతుంది. హడావుడిలో వెంటనే తెరిచి గరిటె పెడితే పొడుగు మెతుకు సగానికి విరుగుతుంది. హోటల్లో మధ్యాహ్నం మొదటి హండీ (బిర్యానీ వండే పెద్ద గిన్నె) సాధారణంగా పన్నెండు, పన్నెండున్నర మధ్య తెరుస్తారు.

అందరికంటే ముందు వెళ్తే అందరికంటే మంచిది దొరుకుతుందని చాలామంది అనుకుంటారు. అదీ సగమే నిజం. హండీలో పైన తెల్లన్నం, నడుమ కుంకుమ రంగో పసుపో పట్టిన పొర, అడుగున మసాలా ఉంటాయి. వడ్డించే మనిషి అంచు పక్క నుంచి గరిటెను నిట్టనిలువుగా అడుగు దాకా దించి పైకి తీస్తే మూడు పొరలూ ఒకే ప్లేటులోకి వస్తాయి. పని తెలియని మనిషి పైపైన గీరి పెడతాడు. అప్పుడు మొదటి పది ప్లేట్లు చప్పగా, చివరి పది ప్లేట్లు నూనెగా, ఉప్పుగా ఉంటాయి. వడ్డన కౌంటర్ కనబడే హోటల్ అయితే కూర్చునే ముందు ఆ గరిటెను ఒక నిమిషం చూడండి. కనబడకపోతే పన్నెండు ముప్పావు నుంచి ఒకటిన్నర లోపు వెళ్లండి. అప్పటికి హండీ సగానికి వచ్చి ఉంటుంది. రాత్రి పూట ఏడున్నర, ఎనిమిదిన్నర మధ్య ఇదే లెక్క.

మధ్యాహ్నం మూడు దాటాక మిగిలిన బిర్యానీని ఏం చేస్తారు? చాలా చోట్ల నీళ్లు చిలకరించి, నెయ్యో డాల్డానో వేసి, పెనం మీద హండీ పెట్టి మళ్లీ వేడి చేస్తారు. దాన్ని పట్టుకోవడం తేలికే. తాజా బిర్యానీలో తెలుపు, పసుపు, గోధుమ రంగు మెతుకులు విడివిడిగా కనిపిస్తాయి. వేడి చేసినదంతా కలిసిపోయి ఒకే రంగులో ఉంటుంది, మెతుకుల కొనలు విరిగి ఉంటాయి. పైన జిగురుగా, కొరికితే లోపల గట్టిగా తగులుతుంది. ముక్క ఇంకా బాగా చెబుతుంది. తాజా ముక్కను ఎముక దగ్గర నొక్కితే తడి ఊరుతుంది. పాతదైతే నార నారగా ఊడి పళ్ల సందుల్లో ఇరుక్కుంటుంది. టైమ్ తప్పి వెళ్లినప్పుడు దమ్ బిర్యానీ కన్నా ఫ్రై పీస్ బిర్యానీ చెప్పుకోవడం నయం. అన్నం పాతదైనా ముక్క అప్పటికప్పుడు మూకుట్లో వేయించి ఇస్తారు.

వారం, నెల కూడా చూసుకోవాలి. ఆదివారం మూడింటికి వెళ్లినా కొత్త హండీ దొరుకుతుంది, జనం అంత ఉంటారు. సోమవారం, శనివారం మాంసం ముట్టని ఇళ్లు చాలా ఉన్నాయి. శ్రావణం, కార్తీకం వస్తే గిరాకీ ఇంకా పడిపోతుంది. హోటల్ మాత్రం హండీ పెట్టక తప్పదు, ఒకే హండీ గంటల తరబడి నడుస్తుంది. ఆ నెలల్లో బిర్యానీకి నేను ఆదివారం తప్ప ఇంకో రోజు చెప్పను. కౌంటర్ దగ్గర "అన్నా, కొత్త హండీ ఎప్పుడు తీస్తరు?" అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. నిజాయితీ ఉన్న చోట "ఇరవై నిమిషాలు ఆగుండ్రి" అంటారు. అప్పుడు ఆగడమే మంచిది.

మాంసంతో వండే అరబ్బుల అన్నం మండీ సంగతి వేరు. హన్మకొండలో ఈ మధ్య మండీ హోటళ్లు బాగా పెరిగాయి. రాత్రి పదింటికి తినాలంటే బిర్యానీ కన్నా మండీ మేలని నా అభిప్రాయం. చాలా చోట్ల దీనికి సెల్లా బియ్యం వాడతారు. వడ్లను ముందే ఉడికించి ఆరబెట్టి మరపట్టిన బియ్యం కాబట్టి గంటల తరబడి వేడి మీద ఉన్నా మెతుకు విరగదు, ముద్ద కాదు. మాంసం ఉడికిన నీళ్లలోనే అన్నం వండుతారు కనుక రుచి పైపైన కాకుండా మెతుకులోకే దిగి ఉంటుంది. పక్కన పెట్టే మయోనైజ్ దగ్గరే జాగ్రత్త. పచ్చి గుడ్డుతో చేసేదాన్ని 2024 అక్టోబరు చివర్లో మన రాష్ట్ర ప్రభుత్వం ఏడాది పాటు నిషేధించింది. పచ్చి గుడ్డు ద్వారా సాల్మొనెల్లా బాక్టీరియా వచ్చే ప్రమాదం ఉంది, వేడి గదిలో గిన్నెలో పెట్టి ఉంచితే అది వేగంగా పెరుగుతుంది. గుడ్డు లేనిదేనా అని అడగండి. జవాబు తడబడితే ఆ గిన్నె పక్కకు జరపండి. టమాట చట్నీ చాలు.

మన తెలంగాణ వంటకాల మీద ఇంకొంచెం ఎక్కువ చెప్పాలి. వీటి పేరు పెట్టుకున్న రెస్టారెంట్లు చాలానే వచ్చాయి. గోడ మీద బోనాల బొమ్మ, మట్టి గిన్నెలు, మెనూలో సర్వపిండి, జొన్నరొట్టె, నాటుకోడి, బోటి (మేక పేగుల కూర), పచ్చిపులుసు. పేర్లు చూస్తే కడుపు నిండుతుంది. ప్లేటు వచ్చాక సగం మందికి మార్కులు తగ్గించక తప్పదు. వంట చేతకాక కాదు, ఈ వంటలకు పట్టే టైమ్ హోటల్ పద్ధతిలో ఇమడక.

సర్వపిండే చూడండి. రెండు కప్పుల బియ్యప్పిండికి గంట నానిన శనగపప్పు రెండు చెంచాలు, పల్లీలు, నువ్వులు, దంచిన పచ్చిమిర్చి, కరివేపాకు, ఉల్లాకు, ఉప్పు వేసి గోరువెచ్చని నీళ్లతో కలపాలి. గిన్నెకు నూనె రాసి, ముద్దను చేత్తో అంచుల దాకా పలచగా ఒత్తి, వేలితో బొక్కలు పెట్టి, ప్రతి బొక్కలో నూనె చుక్క వేసి, మూత పెట్టి సన్నని మంట మీద పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు కాల్చాలి. ఒక్క వైపే కాలుతుంది. అడుగు ఎర్రగా కరకర, పైన మెత్తగా ఉండాలి. ఇందులో కష్టం ఎక్కడంటే, ఇంకోటి పెట్టాలంటే ఆ గిన్నె చల్లారాలి. వేడి గిన్నెకు పిండి ఒత్తితే అంటుకోదు, చెయ్యీ కాలుతుంది. అంటే ఒక గిన్నె మీద గంటకు రెండో మూడో. ఇరవై టేబుళ్ల హోటల్ పొద్దునే చేసిపెట్టుకుంటుంది, అడిగినప్పుడు పెనం మీద వేడి చేసి ఇస్తుంది. లేదంటే చిన్న బిళ్లలుగా చేసి నూనెలో వేయిస్తుంది. నూనెలో వేగినదాన్ని చెక్క అంటారు, సర్వపిండి అనరు. రెండు వైపులా ఒకేలా ఎర్రగా వచ్చిందంటే అది గిన్నెలో కాలింది కాదు. ఆర్డర్ చెప్పాక పావుగంట పడుతుందన్న హోటల్ ఉంటే దాన్ని నమ్మండి.

జొన్నరొట్టె ఇంకా నిక్కచ్చి. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు. మసిలే నీళ్లు పోసి కలిపి, వెంటనే మర్దించి, వెంటనే చేత్తో తట్టాలి. పిండి పట్టించి నెల దాటితే రొట్టె అంచులు పగులుతాయి. పెనం మీద వేశాక పైన తడి బట్టతో అద్ది, తిప్పి, చివరికి మంట మీద పొంగించాలి. పొంగిన పది నిమిషాల్లో తినాలి. ఆ తర్వాత గట్టిపడి విరుగుతుంది. కాబట్టి రొట్టెలు అన్నీ ఒకేసారి చెప్పకండి. మనిషికి ఒకటి చెప్పి, అది సగం తిన్నాక ఇంకోటి చెప్పాలి. అల్యూమినియం కాగితంలో చుట్టి తెస్తే మెత్తబడుతుంది కానీ ఆవిరికి చెమర్చి పచ్చి పిండి వాసన వస్తుంది. ఇంత చేసి పెట్టే ఓపిక హన్మకొండలో ఏసీ హాళ్ల కన్నా సాయంత్రం పూట కట్టెల పొయ్యి పెట్టుకుని రొట్టెలు చేసే అక్కల దగ్గరే ఎక్కువ. రోడ్డు పక్కన మీ కళ్ల ముందే తట్టి, కాల్చి, ఎల్లిపాయ కారంతోనో పప్పుతోనో ఇస్తారు. జొన్నరొట్టె అక్కడే తినండి. రెస్టారెంట్లో నాటుకోడి కూరకు బగారా చెప్పుకోండి.

బగారా అన్నం హోటల్‌కు బాగా కుదిరే వంట. షాజీరా, దాల్చిన, లవంగం, యాలకులు, పుదీనా, పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ తాలింపులో కొలతకు ఎసరు పోసి వండితే మూడు గంటలైనా చెడదు. పాత బియ్యం అయితే ఒకటికి రెండు నీళ్లు. కొత్త బియ్యానికి అదే కొలత పోస్తే ముద్ద అవుతుంది. ముద్ద బగారా వచ్చిందంటే సంక్రాంతి దాటి కొత్త బియ్యం దిగాయని లెక్క. బోటి మాత్రం ఆదివారం పొద్దున మేకను కోసే రోజునే. వేడి నీళ్లలో పసుపేసి రెండు మూడు సార్లు కడిగి, ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ వండాలి. ఒక్క కడుగు తక్కువైనా గిన్నె టేబుల్ మీదికి రాకముందే వాసన వస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టిన బోటికి ఆ వాసన పోనే పోదు.

మెస్సుల్లో భోజనం బాగుందో లేదో పచ్చిపులుసు చెబుతుంది. పొయ్యి ఎక్కని వంట అది. చింతపండు రసం, కాల్చిన పచ్చిమిర్చి, పచ్చి ఉల్లిగడ్డ, కొంచెం బెల్లం, వేయించి దంచిన నువ్వుల పొడి. మధ్యాహ్నం ఉల్లిగడ్డ కరకరలాడుతుంది. రాత్రికి అదే పులుసులో ఉల్లిగడ్డ వడలిపోయి వాసన మారుతుంది. రాత్రి భోజనానికి చారు పోయించుకోండి.

అన్నీ వేడివేడిగానే తినాలన్న నియమానికి చేపల పులుసు మినహాయింపు. పొద్దున వండిన పులుసు మధ్యాహ్నానికి, మధ్యాహ్నం వండింది రాత్రికి ఇంకా రుచి. చింతపండు పులుపు, కారం నిదానంగా ముక్కలోకి దిగుతాయి. పాకాల, రామప్ప, లక్నవరం లాంటి కాకతీయుల కాలపు చెరువులున్న ప్రాంతం మనది, మన రాష్ట్ర చేప కొరమీను. అయినా మెనూలో కొరమీను అని రాసి ఇంకేదో పెట్టే చోట్లు ఉన్నాయి. కొరమీను గాలి పీల్చగలదు కాబట్టి బతికుండగానే అమ్ముతారు, అందుకే ధర ఎక్కువ. నడిమి ముల్లు ఒక్కటే పెద్దగా ఉంటుంది, తోలు నల్లగా, కండ గట్టిగా ఉంటుంది. తోలు లేకుండా తెల్లగా, నోట్లో వేస్తే నీరు వదిలి మెత్తగా జారిపోతే అది ఫ్రీజర్‌లోంచి వచ్చిన బాసా అనే ఇంకో చేప. అపోలో ఫిష్ చెప్పినప్పుడు చాలా చోట్ల వచ్చేది అదే. బాసా తినడంలో తప్పులేదు, కొరమీను ధర తీసుకోవడమే తప్పు. ముల్లు ఉన్న ముక్కలే పెట్టమని అడిగితే ఈ గొడవ ఉండదు.

నాకు నిజంగా కోపం తెప్పించేది రంగు. చికెన్ 65, చిల్లీ చికెన్, తందూరీ, అన్నీ ఇటుక ఎరుపులో మెరుస్తాయి. ఎనుమాముల మార్కెట్‌కు ప్రతి ఏడూ లారీల కొద్దీ మిర్చి వచ్చే ఊరు ఇది. మన చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. టమాటలా గుండ్రంగా ఉంటుంది, టమాట మిర్చి అని కూడా అంటారు. కారం తక్కువ, రంగు చాలా ఎక్కువ. నాలుగు కాయలు నానబెట్టి రుబ్బితే కూర కారం కాకుండానే ఎర్రగా వస్తుంది. ఇది చేతికందే దూరంలో పెట్టుకుని డబ్బా రంగు కలపడం క్షమించదగ్గ పని కాదు. పరీక్ష సులభం. ముక్క మీద నిమ్మకాయ పిండి ఒక తెల్ల కాగితంతో ఒత్తండి. మిర్చి రంగు నూనెతో కలిసి నారింజ మరకగా అంటుతుంది. డబ్బా రంగు నీళ్లలో కరుగుతుంది కాబట్టి నిమ్మరసంతో పాటు గులాబీ ఎరుపులో పారుతుంది, వేళ్లకు అంటి సబ్బుతో కడిగినా త్వరగా పోదు.

రాత్రి ఫాస్ట్‌ఫుడ్ బండ్ల ఎగ్ ఫ్రైడ్ రైస్ గురించి ఒక జాగ్రత్త. అన్నం సాయంత్రం నాలుగైదు గంటలకే వండి ఆరబెడతారు. ఆరకపోతే పెనం మీద ముద్దవుతుంది మరి. గది వేడిలో గంటల తరబడి ఉన్న అన్నంలో ఒక రకం బాక్టీరియా విషం తయారు చేస్తుంది, పెద్ద మంట మీద వేయించినా ఆ విషం పోదు. వేసవిలో ఎనిమిది లోపు తినండి. పదకొండు గంటలకు ఆకలేస్తే ఆమ్లెట్, బ్రెడ్ మంచివి.

రంజాన్‌లో మండి బజార్ వైపు హలీం కోసం వెళ్లేవాళ్లు ఇఫ్తార్‌కు గంట ముందు వెళ్లాలి. అప్పుడే బట్టీ తెరుస్తారు. గోధుమ, మాంసం, పప్పు కలిపి గంటల తరబడి దంచినది కాబట్టి చెంచాతో ఎత్తితే తీగలా సాగాలి. రాత్రి తొమ్మిది దాటాక అడుగంటిన వాసన మొదలవుతుంది, పైన వేసే నెయ్యి దాన్ని కప్పలేదు. మేడారం జాతర రోజుల్లో ఊరంతా కిటకిట. అప్పుడు ఏ హోటల్‌లోనైనా తాజాగా దొరికే వంట దోసె. పెనం మీద నుంచి నేరుగా ప్లేటులోకి వస్తుంది, అదే తినండి.

బిల్లు దగ్గర రెండు విషయాలు చాలు. మామూలు రెస్టారెంట్లో జీఎస్టీ మొత్తం 5 శాతం, రెండున్నర చొప్పున రెండు వరుసల్లో ఉంటుంది. బిల్లు మీద 36తో మొదలయ్యే పదిహేను అక్షరాల నంబరు లేకపోతే ఆ పన్ను అడిగే హక్కు వాళ్లకు లేదు. సర్వీస్ చార్జీ తప్పనిసరి కాదని 2022లో కేంద్ర వినియోగదారుల సంస్థ చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. తీసేయమంటే తీసేయాలి, కాదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.

పార్సిల్ తీసుకెళ్లేవాళ్లకు చివరగా. ప్లాస్టిక్ డబ్బాలో మూత బిగించిన బిర్యానీ దారి పొడుగునా ఉడుకుతూనే ఉంటుంది. బండెక్కే ముందు మూత ఒక మూల తెరిచి పెట్టుకోండి, సాలన్ స్టీలు టిఫిన్‌లో పోయించుకోండి. ఇల్లు అరగంట దూరమైతే బిర్యానీ మానేసి బగారా, నాటుకోడి పులుసు కట్టించుకోండి. రెండూ ఇంటికెళ్లాక కూడా బాగుంటాయి, పులుసు వేడి చేసుకుంటే ఇంకొంచెం చిక్కబడుతుంది.